ఒళ్ళు ముట్టుకుని చూడు

నూకరత్నం మొగల్తూరు సంతలో ఎండుచేపలమ్మేది. ఆమె మొగుడు పల్లంరాజు సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి. కిందటేడు అతని పేగుకి రక్తం అందక కుళ్ళిపోతే, డాక్టర్లు చాలామటుకు కోసి తీసేశారు. మిగిలిన ముక్కకి అన్నం అరిగించే సత్తువ లేదు. ఛాతీలో అమర్చిన సన్నటి గొట్టంలోంచి ఎక్కించే, పాలలా తెల్లగా ఉండే సంచి మందే అతనికి తిండి అయింది.

ఆ మందులో చక్కెర ఎక్కువ. అందుకే వేలు గుచ్చి షుగర్ చూడాలి, డాక్టరు చెప్పినంత ఇన్సులిన్ ఇవ్వాలి, సంచి అయిపోవచ్చేటప్పుడు ధార ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలి. భీమవరం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే నర్సు సత్యశ్రీ ఇవన్నీ నేర్పింది. నూకరత్నం భయంభయంగానే నేర్చుకుంది.

ఇంట్లోవాళ్ళు తింటుంటే చూడలేక పల్లంరాజు అన్నాల వేళకి రేవు వైపు వెళ్ళిపోయేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"ఓ చుక్క చందువా చేప పులుసు నాలిక మీద వెయ్యవే."

"షుగరు పెరిగిపోద్ది మావా, నా వల్ల కాదు," అని గిన్నె లోపల పెట్టేసింది.

ఓ పొద్దున షుగర్ నాలుగొందలు దాటింది. సంచి అదే, ఇన్సులిన్ అదే. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది.

"నాకు తెలీకుండా ఏం తిన్నావు మావా?"

"గంగమ్మ తల్లి మీద ఒట్టే, ఏమీ తిన్లేదు."

"అబద్ధం!"

అతను గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. ఆ దుప్పటి వణుకుతోంది. అలిగాడనుకుంది. కాసేపటికి భుజం పట్టుకుని తిప్పబోతే చెయ్యి కాలింది. గాబరాగా సత్యశ్రీకి ఫోన్ చేసింది.

"ఆలస్యం చెయ్యకండమ్మా, వెంటనే ఆసుపత్రికి తీసుకొచ్చెయ్యండి. గొట్టంలో ఇన్ఫెక్షన్ చేరుంటాది. అలాంటప్పుడు ఏమీ తినకపోయినా షుగర్ పెరిగిపోద్దండి."

భీమవరం ఆసుపత్రిలో ఆ మాటే నిజమని తేలింది. గొట్టం తీసేశారు. మంచం పక్కన కూర్చుని నూకరత్నం అతని చెయ్యి పట్టుకుంది.

"తప్పైపోయింది మావా."

"నిజంగా తినేసినా బాగుండేదే. నీ తిట్లకి గిట్టుబాటయ్యేది," అని నవ్వబోయాడు పల్లంరాజు.

ఆమె బయటికొచ్చి సత్యశ్రీని పులుసు సంగతి అడిగింది.

"రుచికి నాలిక తడిపితే ఏం కాదమ్మా. ముందే అడగాల్సింది," అందామె.

మర్నాడు నూకరత్నం చందువా పులుసు కాచి కేరేజీలో పట్టుకెళ్ళింది. రాత్రికి రాత్రే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి, అప్పటికే అతని నోట్లో ఊపిరి గొట్టం పెట్టేశారు. కేరేజీ ఒళ్ళో పెట్టుకుని ఐసీయూ తలుపు బయటే కూర్చుంది. మూత తియ్యలేదు. ఆ సాయంత్రమే పల్లంరాజు పోయాడు.

పెద్దకర్మ అయ్యాక, సంచి తగిలించే స్టాండు పట్టుకెళ్ళడానికి సత్యశ్రీ వచ్చింది. నరసాపురంలో ఎవరో రత్నమాణిక్యమట, ఆమె భర్తకీ ఇలాంటి సంచులే మొదలుపెడుతున్నారట.

"ఆవిడకి నా మాటగా ఒకటి చెప్పండి సిస్టర్ గారూ," అంది నూకరత్నం. "షుగరు ఎక్కువొస్తే ముందు మనిషి ఒళ్ళు ముట్టుకుని చూడమనండి. ఏం తిన్నావని తర్వాత అడగొచ్చు."

సత్యశ్రీ స్టాండు గోడకి ఆనించి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.