తొంభై అయిదో నంబరు సైరన్

1996 మే 14, మంగళవారం, సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, వడగాలి తగ్గలేదు. నేను పనిచేసే గని టైమ్ ఆఫీసు గోడకున్న థర్మామీటరు ఇంకా నలభై ఒకటి చూపుతున్నది. ఆ సమయాన ఘుగ్గుస్ గని కాలనీ సమాజ మందిరంలో నేను ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద తొంభై అయిదో నంబరు ఎంచుకున్నాను.

మా తెలుగు సంఘం ఆ కీబోర్డును అంతకు రెండు నెలల ముందు చంద్రపూర్‌లో కొన్నది. విదేశీ సరుకు దుకాణాల అద్దాల వెనుక బాహాటంగా కనిపించడం మొదలైన రోజులవి. అందులో వంద ధ్వనులుండేవి. మొదటి తొంభై వాద్యాలవి. చివరి పది వాన, అలలు, టెలిఫోను, సైరన్ వంటివి. గనిలో హాజరీ గుమాస్తాగా, దిగినవారిని, తిరిగి పైకి వచ్చినవారిని లెక్కపెట్టడం నా ఉద్యోగం. సాయంత్రాలు నాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి. కనుక ఆ పది ధ్వనుల బాధ్యత నా మీద పడింది.

మేము వేయబోతున్న నాటకంలో, లారీ కింద పడిన తమ్ముణ్ణి అంబులెన్సులో తీసుకుపోతారు. ఆ వెంటనే అన్న ఒంటరిగా నిలబడి మాట్లాడాలి. ఆ వేషం మా పక్క క్వార్టరు యువకుడిది. రంగస్థలం ఎక్కడం అతనికి అదే మొదలు. తల్లి ముందు వరుసలో కూర్చొని చూడాలని అతని కోరిక. ఆనాటి రిహార్సలుకు ఆమెను పిలుచుకొచ్చాడు.

ఆ సైరన్‌కు ఒక గుణముంది. కుడివైపు మీట నొక్కితే సన్నగా, వేగంగా మోగుతుంది. ఎడమవైపు మీట నొక్కితే బరువుగా, నిదానంగా లేస్తుంది. దృశ్యానికి బరువు కావాలని నేను ఎడమ చివరి మీట నొక్కాను. సైరన్‌తో పాటు ఆమె కూడా లేచింది. చెప్పులైనా వేసుకోకుండా బాయి గేటు వైపు నడిచిపోయింది. గనిని మావాళ్లు బాయి అంటారు. వేళ కాని వేళ సైరన్ మోగితే కాలనీ ఆడవాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. వెళ్లి గేటు దగ్గర నిలబడతారు. 1989లో అలా నిలబడినప్పుడే ఆమె భర్తను స్ట్రెచరు మీద పైకి తెచ్చారు.

కొడుకు వెళ్లి వెంటబెట్టుకొచ్చాడు.

"ఆ కూత ఉంటె నేను రాను బిడ్డా. నువ్వు మంచిగ చెయ్యి. నేను ఇంట్ల కూసుంట" అన్నది.

నాటకం నడిపిస్తున్న నా మేనల్లుడు మాత్రం ఉత్సాహపడ్డాడు. "ఏం బరువుంది మామా! గిదే ఉంచు. జనం దద్దరిల్లాలె."

"జనం బాయి కాడికి పోతరు. నీ నాటకం కుర్చీలు చూస్తయి" అన్నాను.

ఆదివారం, 19వ తేదీ, పగలు పదకొండు గంటలకు కీబోర్డులో బ్యాటరీలు వేసుకొని ఆమె వరండాకు వెళ్లాను. మార్చిన ధ్వనులను దాచుకోవడానికి అందులో నాలుగు స్థానాలుండేవి. నాలుగు సైరన్లు సిద్ధం చేసుకున్నాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతున్నది. అడిగితే మొహమాటానికి బాగుందంటుంది. కనుక అడగకుండా ఆమె వేళ్లు చూశాను.

మొదటిదాన్ని రెండు స్వరాలు పైకి జరిపాను. వేళ్లు ఆగాయి. రెండవది లేచే వేగం పెంచాను. అప్పుడూ ఆగాయి. మూడవదానికి వణుకు చేర్చాను.

"గిదేంది అన్నా, మేక తప్పిపోయినట్టుంది" అని నవ్వింది. నవ్వింది గాని, వేళ్లు కదలలేదు.

నాలుగవది కుడి చివరి మీటది. మీట వదిలిన మరుక్షణం ఆగిపోయేటట్టు దాని చివరి సాగుదలను కత్తిరించాను. నొక్కి వదులుతూ వాయిస్తే మోత తెగి తెగి వచ్చింది. ఆమె ఒక రాయి ఏరి పారేసింది.

"ఇంకోటి ఉందంటివి, వాయించవేంది?"

"వాయించిన చెల్లె."

"అదా! అది దవాఖాన బండిది గద. మన బాయిది కాదు. వస్త తియ్యి. ముంగట జాగ పట్టుమను మావోన్ని."

మేనల్లుడు అది విని, "ఐస్‌క్రీం బండి లెక్కుంది మామా" అని గొణిగాడు. నేను మార్చలేదు.

మే 25, శనివారం, సాయంత్రం ఏడు గంటలకు నాటకం మొదలైంది. ఆమె ముందు వరుసలో కూర్చున్నది. ఎనిమిదికి పది నిమిషాలున్నప్పుడు నాలుగవ స్థానంలోని సైరన్ మోగించాను. ఆమె కదలలేదు. కాని వెనుక వరుసలలో ఏడుగురు ఆడవాళ్లు లేచి, కొందరు పిల్లలను చంకనెత్తుకొని, తలుపు దాటారు. నేను ఒక్కరి చెవితో కొలిచి, అందరికీ సరిపోతుందనుకున్నాను.

వేదిక మీద కొడుకు అప్పుడే నోరు విప్పాడు. ఆమె అతన్ని చూసింది, తలుపును చూసింది, లేచి వెళ్లిపోయింది. కిటికీ అవతల నుంచి ఆమె గొంతు వినబడింది.

"ఆగుండ్రే! బాయిది కాదది, పెట్టెల మోత! అక్కడ మా పిలగాడు మాట్లాడుతుండు, మీ పుణ్యాన నాకు సుత ఇనబడతలేదు!"

ఎవరో నవ్వారు. కొడుకు తడబడలేదు, ఖాళీ కుర్చీ వైపు చూస్తూనే మాటలన్నీ చెప్పాడు. ఆమె తిరిగి వచ్చేసరికి చివరి రెండు వాక్యాలే మిగిలాయి. వాటిని తలుపు దగ్గర నిలబడి విన్నది.

తెర పడ్డాక అతడు రంగు కడుక్కోకుండానే వచ్చాడు. "ఎట్ల చేసిన అమ్మా?"

"ఆఖరుది మంచిగుంది. ముందటిది ఇంటికి పోయినంక చెప్పు, కూసోని ఇంట" అన్నది.

చంకలోని పిల్లలను నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆమెతో కలిపి హాలులోంచి బయటికి వెళ్లినవారు ఎనిమిది మంది. తిరిగి లోపలికి వచ్చినవారు ఎనిమిది మంది.