పన్నెండింటి ఊట

నిన్న నందికొట్కూరు దగ్గర ఒక కొత్త బావి లోతు కొలుస్తుంటే, గట్టు మీంచి రైతు కేకేశాడు: "ఏమప్పా ఓవర్సీరూ, ఊట ఉండాదా?" అన్నం తెచ్చుకున్నావా అని అడుగుతున్నాడనుకుని, "ఉండాది, సంచిలో" అనబోయి నాలుక కరుచుకున్నాను. మాది ఆదోని పక్క, ఇంట్లో కన్నడం. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో నేలలోంచి ఊరే నీళ్లు. ఈ మాట నన్ను ఇదివరకే ఒకసారి ముంచింది.

కడపలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసులో సీనియర్ ఒకాయనతో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. అన్నా అని పిలిచేవాణ్ణి. తెలుగులో రాయాలని నాకు పిచ్చి. బడిలో నేర్చిన తెలుగు కొలతలకు సరిపోయేది గానీ మనసుకు చాలేది కాదు. చదువు నేర్పిన అలవాటు కొద్దీ మాటల్ని మూడు రకాలుగా విడదీసుకున్నాను: రెండు భాషల్లోనూ ఒకటే అయినవి, వేరైనవి, ఒకటే అనిపించి మోసం చేసేవి. ఊటను మొదటి రకంలో వేసుకున్నాను. అన్నను కూడా.

మా నాయన బావులు తవ్వే కూలీ. ఆయన గురించి నేను రాసిన మొదటి రచనను దిద్దమని అన్నకిచ్చాను. "పన్నెండింటికి ఊట వచ్చేది, బావిలో అందరి మొహాలూ వెలిగేవి" అని అందులో ఒక వాక్యం. ఆ ఊట, మా అమ్మ నెత్తి మీది గంపలో వచ్చే జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డ కారమూ. "శానా తప్పులుండాయప్పా. నా దగ్గర ఉండనీ, నిదానంగా దిద్దుతా" అన్నాడు అన్న.

కొన్ని నెలలకు అది పత్రికలో వచ్చింది, అన్న పేరుతో. చిన్న సభ కూడా పెట్టారు. ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ వాక్యమే చదివి, "మన కరువు నేలలో ఊట రావడమంటే మాటలాప్పా!" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను వెనక బెంచీలోంచి లేచి అడిగాను: "అన్నా, గంగమ్మ రోజూ పన్నెండింటికే వచ్చేదా?"

"మావాడు ఓవర్సీరప్పా, గంగమ్మకు కూడా టైం రాసుకుంటాడు!" అన్నాడు అన్న. సభంతా నవ్వింది. ఆ వాక్యం నాదని చెప్పాలంటే, ఆ ఊట భోజనమని, అది తప్పు తెలుగని ముందు నేనే ఒప్పుకోవాలి. కూర్చున్నాను.

ఇప్పుడు నా తెలుగులో తప్పులు వెతికినా దొరకవు. పన్నెండింటికి భోజనం వచ్చేదని ఎన్నిసార్లు రాసినా ఎవరి మొహమూ వెలగడం లేదు. ఏళ్లు గడిచి భాష నాదయింది. ఆ వాక్యం ఇంకా అన్నదే.