ఒకే పాట మీద ఊరేగింపు

టేపురికార్డరు ఉన్న ఇంటికి వీధిలో ఒక హోదా ఉన్న రోజులవి. సోమందేపల్లి దగ్గర మా ఇంట్లో అలాంటివి రెండుండేవి. ఒకటి మాది, రెండోది మా బావ రిపేరుకని ఇచ్చి మళ్లీ తీసుకోవడం మరిచిపోయింది (నేనూ గుర్తు చేయలేదు). పదో తరగతి పుస్తకాలు పక్కకు నెట్టి, ఆ రెండింటి వైర్లూ ఒకే స్పీకరుకు కలిపి, ఒక పాట అయిపోకముందే దాని నడకకు సరిపోయే ఇంకో పాటను పైకెక్కించడం నా పిచ్చి. తాళం సరిగ్గా కుదిరిందంటే ఆ పూట అన్నం కూడా గుర్తుండేది కాదు. మా అవ్వకు మాత్రం ఈ విద్య మింగుడు పడలేదు. "ముందు పాట బాగానే పోతాండె కదరా, దాని నోరు యాల నొక్కేస్తివి?" అనేది.

ఆ నోరు నొక్కే పనికే తర్వాత డీజే అని పేరొచ్చింది. మొదట మైకుసెట్టు వాళ్ల వెంట తిరిగి, ఆనక సొంత బాక్సులు కొని, మినీ లారీ మీద పేరు రాయించుకునేసరికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పెళ్లిళ్లలో నేను లేనిదే ఊరేగింపు కదిలేది కాదు. ఒక చీరల వ్యాపారి ఇంట్లోనైతే పంతులు చెప్పిన రెండు ముహూర్తాల్లో నేను ఖాళీగా ఉన్నదే శుభమని తేల్చారు. నేను మిట్టమధ్యాహ్నం షామియానా కింద కూడా నల్లకళ్లద్దాలు తీసేవాణ్ణి కాదు. (కంటి ఆపరేషన్ అయిందనుకుని ఒక పెద్దాయన జాలిపడి అరటిపండు ఒలిచి ఇచ్చాడు.)

ఆ మాఘమాసం వరసగా పెళ్లిళ్లు. చెవుల్లో ఎప్పుడూ ఈల మోగుతుండేది, కంటినిండా నిద్ర ఉండేది కాదు. అందరూ అడిగేది ఒకే పాట, అదీ పదేపదే. ధర్మవరంలో ఒక మధ్యాహ్నం ఊరేగింపులో ఆ పాటనే తిరిగి తిరిగి వచ్చేట్టు పెట్టి, లారీ మీదే బాక్సుకు ఆనుకుని నిద్రపోయాను. అంత మోతలోనూ లేవనివాణ్ణి, జనరేటరు ఆగి నిశ్శబ్దమయ్యేసరికి ఉలిక్కిపడి లేచాను. ముప్పావుగంట గడిచింది. సిగ్గుతో చచ్చి, చెమటలు కారుతున్న పెళ్లికొడుకు మేనమామను అడిగాను, "అంతసేపూ ఒకటే పాట పడినాది కదన్నా, నన్ను లేపకూడదా?"

"ఔనా? మాకేం తెల్సప్పా. బాగా ఎగిరినాము. నీ మాదిరి కొట్టేవాడు ఈ చుట్టుపక్కల ల్యాడు" అని నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. నేను ఉన్నా లేకపోయినా ఒకటే అయినప్పుడు ఇన్నేళ్లూ నేను చేసిందేమిటి? ఆ తర్వాత పాటంటేనే విసుగు పుట్టింది. బస్సులో పాట పెడితే మధ్యలోనే దిగిపోయేవాణ్ణి. పదిహేనేళ్లప్పటి నుంచి నాతో ఉన్న ఆ పిచ్చి చచ్చిపోయిందేమోనని నిజంగా భయమేసింది. లారీకి తాళమేసి ఇంటికొచ్చి కూర్చున్నాను.

మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. "ఉత్తగా కూర్చుంటే ఏమొస్తాది, రా, పురుగులకు ఆకు తరుగుదువు" అని కత్తి చేతికిచ్చాడు. షెడ్డులో కొన్నాళ్లు నా చెవి ఈల తప్ప ఇంకేమీ వినిపించలేదు. తర్వాత ఎప్పుడో అది సన్నబడి, పురుగులు ఆకు కొరికే చప్పుడు వినబడింది. ఒక ఉదయం నాయన పని చేసుకుంటూ చెక్కభజన పాటేదో కూనిరాగం తీస్తున్నాడు. శృతి లేదు గానీ నడక ఉంది. చూస్తే నా కత్తి ఆకు తరిగే పలక మీద ఆ నడకకే పడుతోంది. అంతటితో ఆగక, దాని మీదికి ఎక్కించాల్సిన ఇంకో పాట మనసులో లేస్తోంది. చచ్చిపోయిందనుకున్న పిచ్చి మళ్లీ కదిలేసరికి భయపడి చెయ్యి ఆపేశాను.

నాయన తలెత్తాడు. "యాల ఆపితివి? బాగుండె కదా. రోంత మెల్లగా కొట్టు, నా గొంతు కూడా ఇనపడల్ల."

నాకు ఏడుపొచ్చింది. ముప్పావుగంట నేను లేకపోతే ఒక ఊరేగింపుకు తెలియలేదు. ఒక్క క్షణం ఆపితే ఆయనకు తెలిసింది.

ఇప్పటికీ పెళ్లిళ్లకు పోతూనే ఉన్నాను, కాకపోతే నెలకు రెండో మూడో. పక్కవాళ్ల మాట వినపడేంత మోతే పెడతాను. (కుర్రాళ్లు 'అన్నకు వయసైపోయినాది' అంటారు, అననీ.) అప్పుడప్పుడూ ధర్మవరంలో బాక్సుకు ఆనుకుని నిద్రపోయిన ఆ పేరుమోసిన డీజే గుర్తొస్తాడు. ఇప్పుడు కనబడితే వాణ్ణి లేపను. పక్కన నిలబడి, పాట మాత్రం మారుస్తాను.