రంగనాథం గారి వాటర్ పంపు

1996లో మా వర్క్‌షాప్ మద్రాసు చూలైలో ఉండేది. రెండు పక్కలా ప్రింటింగ్ ప్రెస్సులు, వెనక ఒక లేత్ షాపు, మధ్యలో నాలుగు కార్లు పట్టే రేకుల షెడ్డు. వచ్చేవి ఎక్కువగా అంబాసిడర్లు, ఫియట్లు, మారుతీలు. పాత విదేశీ కార్లు విప్పే ధైర్యం ఉన్న మెకానిక్కులు అప్పట్లో ఊళ్లో కొద్దిమందే. దామోదరం దగ్గరికి తీసుకుపోండి, అతను చూస్తాడు అని నా పేరు చెప్పేవాళ్లు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా అదే.

రంగనాథం గారు ఆడిటరు. అప్పటికి యాభై దాటాయి. సౌకార్‌పేటలో బట్టల హోల్‌సేలు చేసిన పాత తెలుగు కుటుంబం వాళ్లది. తను మాత్రం వేపేరిలో వేరే ఇల్లు కట్టుకుని, ఆఫీసు పెట్టుకున్నారు. ఒక కాన్సులేట్ వాళ్లు వాడి వేలం వేసిన బీఎండబ్ల్యూ 520ఐ కొన్నారు. 1983 మోడలు, ముదురు నీలం, ఆరు సిలిండర్ల ఇంజన్. సీట్లు చిరిగిపోయాయి, ఏసీ పనిచేయదు, ఇంజన్ మాత్రం కుట్టుమిషనులా తిరిగేది.

కారు మొదటిసారి తెచ్చినప్పుడు రిపేరు సంగతి ఎత్తలేదు. షెడ్డంతా ఒకసారి కలయజూసి అడిగారు.

"దామోదరం గారూ, ఆదివారం మీ షాపు లీవు గదా. ఆ మూల నాకిస్తారా? ఈ కారు పని నేనే చేసుకోవాలని ఉండాది."

"మీరా సార్?"

"నేనే. బుక్కు తెప్పించినా. మా ఇంటావిడ చదువుతుంది, నేను చేస్తా."

నవ్వొచ్చింది. కానీ కాదనలేదు. ఆదివారం నేను ఎలాగూ షాపుకు వచ్చి చిన్నా చితకా పనులు చూసుకునేవాణ్ని. అలా ఆయన, ఆయన భార్య సుగుణమ్మగారు నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చారు. ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. స్టూలు మీద కూర్చుని వర్క్‌షాప్ మాన్యువల్ ఒక్కో వాక్యమే చదివి ఆగేవారు. ఆయన ఆ ఒక్కటీ చేసి "ఊఁ" అనేవారు. ఆవిడ తరవాతి వాక్యం చదివేవారు. విప్పిన ప్రతి బోల్టూ అట్టముక్కలో గుచ్చి పక్కన పేరు రాసేవారు. నేను గంటలో చేసే పని వాళ్లకు ఒక ఆదివారం పట్టేది.

మద్రాసు ఎండకు తట్టుకోవాలని రేడియేటర్ ముందు ఇంకో ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించారు. దానికి రిలే, స్విచ్చు, వైరింగు అన్నీ ఆయనే. నిజం చెప్పాలంటే ఆ వైరింగు నా వైరింగు కన్నా నీటుగా ఉండేది.

ఆ తరవాత టైమింగ్ బెల్ట్ పని వచ్చింది. మన అంబాసిడర్‌లో, ఫియట్‌లో ఇంజన్ లోపల వాల్వులను నడిపేది ఇనుప చెయిను. ఈ ఇంజన్‌లో ఆ పని పళ్లున్న రబ్బరు బెల్టుది. అది తెగితే పిస్టన్లు పోయి వాల్వులకు కొట్టుకుంటాయి, ఇంజన్ పాడవుతుంది. కవరు తీసి టార్చి వేసి చూశాను.

"బాగుండాది సార్. ఇంకో రెండేళ్లు నడుస్తుంది."

"చూసేదానికి బాగుంటుందంట. పళ్ల మొదట్లో పగులుతుందంట. బుక్కులో ఉండాది."

"బుక్కు రాసినోళ్లు మద్రాసులో బండి తోలలేదు సార్."

ఆయన నవ్వి ఊరుకున్నారు. మరుసటి ఆదివారం బెల్టు విప్పి, వెనక్కి వంచి నాకు చూపించారు. ప్రతి పన్ను మొదట్లోనూ వెంట్రుకంత పగులు. "చూసినారా, చెప్పినా గదా" అని కూడా అనలేదు. చూపించి పక్కన పెట్టేశారు, అంతే. సుగుణమ్మగారు పుస్తకంలోకి తల దించుకుని నవ్వుకోవడం నా కంట పడింది. పాతికేళ్లు గ్రీజులో బతికినవాణ్ని. ఆ నవ్వు నాలో ముల్లులా దిగబడిపోయింది.

ఆ రోజే టీ తాగుతూ ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నారు. గోళ్ల సందుల్లో నల్లగా ఉంది.

"మా నాయన నన్ను అంగట్లో గుడ్డ కూడా కత్తిరించనిచ్చేవాడు కాదు. వీడి చేతికి ఏమిచ్చినా పాడు చేస్తాడు అనేవాడు, అందరి ముందరా. అందుకే పేపర్ల పనికి పంపించినాడు. ఇప్పుడుండుంటే ఈడికి పిలుచుకొచ్చి చూపించేవాణ్ని."

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

బెల్టుతో పాటే వాటర్ పంపు కూడా మార్చారు. ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు అది. బెల్టు వెనకే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం మంచిది. గాస్కెట్, అంటే నీళ్లు కారకుండా మధ్యలో పెట్టే పల్చటి అట్ట, ఆయన ఎంత జాగ్రత్తగా పెట్టారో నా కళ్లతో చూశాను.

ఇక మిగిలింది ఒక్కటే పని. ఈ ఇంజన్‌లో కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే పచ్చటి నీళ్లు, పోసి మూత పెట్టేస్తే సరిపోదు. లోపల గాలి చిక్కుకుంటుంది. పైన థర్మోస్టాట్ హౌసింగ్ మీద బ్లీడ్ స్క్రూ అని చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. ఇంజన్ ఆన్ చేసి ఆ స్క్రూ వదులు చేస్తే బుడగలు బుడగలుగా గాలి బయటికి వస్తుంది. బుడగలు ఆగి ఒట్టి నీళ్లు వస్తున్నప్పుడు స్పానర్‌తో బిగించాలి.

"ఇది నేను చేస్తా సార్. చెయ్యి కాలిపోతుంది" అన్నాను. ఆయన పక్కకు జరిగారు.

బుడగలు ఆగాయి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి ఎవరో నన్ను పిలిచారు. పాత కస్టమరు, హోటలాయన, కారు సందు మొదట్లో ఆగిపోయిందట. స్క్రూను వేళ్లతో నాలుగు చుట్లు తిప్పి వెళ్లాను. వచ్చి స్పానర్ వేయాలనుకున్నాను. తిరిగి వచ్చేసరికి అరగంట అయింది. రంగనాథం గారు ఇంజన్‌ను గుడ్డతో తుడుస్తున్నారు.

"అయిపోయిందా దామోదరం గారూ?"

"అయిపోయింది సార్" అని బానెట్ నేనే మూశాను.

ఊళ్లో ఐదారు రోజులు కారు బాగానే తిరిగింది. శనివారం ఎన్నూరు దగ్గర ఒక కంపెనీలో ఆడిట్ పని ఉంటే సుగుణమ్మగారిని కూడా తీసుకుని కారులోనే బయలుదేరారు. ఆ కారులో వాళ్ల మొదటి దూరప్రయాణం అదే. తిరిగి వచ్చేటప్పుడు సముద్రపు ఒడ్డున దారిలో లారీలు బారులు తీరి ఆగిపోయాయి. ముందొక లారీ, వెనకొక లారీ, పక్కకు తీసే చోటు లేదు. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతుండడం ఆయన చూస్తూనే ఉన్నారట. ఫ్యాను తిరుగుతూనే ఉందట. ఆపితే వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారని ఇంకాస్త, ఇంకాస్త అంటూ ముందుకు జరిపారట. చోటు దొరికి పక్కకు తీసేసరికి ఇంజన్ దానంతటదే ఆగిపోయింది.

సోమవారం కారును తాడు కట్టి లాక్కొచ్చారు. బానెట్ ఎత్తగానే నాకు తెలిసిపోయింది. బ్లీడ్ స్క్రూ ఒక్క మర మీద వేలాడుతోంది. దాని చుట్టూ, కింది గొట్టాల మీద కూలెంటు ఎండి పచ్చటి చారలు కట్టింది. వాటర్ పంపు కింద వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

రంగనాథం గారు నా వెనకే నిలబడి ఉన్నారు. చూపు సరిగా ఆనక అద్దాలు పైకి తోసుకుని లోపలికి చూస్తున్నారు.

"నేను పెట్టిన గాస్కెట్టే గదా" అన్నారు.

ఆయన అడిగింది అంతే. నా చెయ్యి స్క్రూ మీదే ఉంది. ఆయనకు కనబడకుండా దాన్ని వేళ్లతో బిగించేశాను.

"అయ్యుండొచ్చు సార్. ఇంట్లోవాళ్లు చేసుకునే పని అట్లనే ఉంటుంది. మా పనికి చెయ్యి తిరగాల."

ఆయన ముఖం ఎలా మారిందో చెప్పలేను, ఎందుకంటే నేను అటు చూడలేదు. బల్ల మీది స్పానర్లు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను.

హెడ్, అంటే ఇంజన్ పైభాగం, విప్పి అంబత్తూరుకు పంపాను. అక్కడ ప్రెషర్ టెస్ట్ చేసి రెండు చోట్ల పగిలిందని, ఇక పనికిరాదని చెప్పారు. బొంబాయిలో ఇంకో హెడ్ వెతుకుతానన్నాను. "వద్దులెండి" అన్నారు రంగనాథం గారు. కారును విడిభాగాల కోసం ఎవరికో ఇచ్చేశారు. నేను కూలి తీసుకోలేదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "బెల్టు విప్పాల్సిన పని లేదని మీరు ముందే చెప్తిరి. నేను వినలేదు" అన్నారు. ఆ చేతులు వెనక్కి లాక్కోలేక, అలా ఉంచనూ లేక నేను పడిన అవస్థ నాకే తెలుసు.

దాదాపు ఏడాదిన్నర గడిచింది. ఒక సాయంత్రం సుగుణమ్మగారు ఆటోలో వచ్చారు. ఆటో అతను ఒక టూల్ బాక్సు దించాడు.

"ఇవి మీకిచ్చెయ్యమన్నారు. వాడేవాళ్ల దగ్గర ఉంటే మంచిదంట."

"సారు బాగుండారా అమ్మా?"

"బాగానే ఉండారు. ఆఫీసుకు పోతారు, వస్తారు. ఇంట్లో బల్బు కూడా మార్చరు. పోయిన వారం కుక్కర్ గాస్కెట్ వెయ్యమంటే, నా చేతికి వద్దు, నువ్వే వేసుకో అన్నారు." టూల్ బాక్సు మూత మీద చెయ్యి వేసి, "నాకు ఆ కారు పోయిందానికి బాధ లేదు. ఆ ఆదివారాలు పోయినాయి" అన్నారు.

అప్పుడైనా చెప్పాల్సింది. టూల్ బాక్సు తీసుకుని లోపల పెట్టుకున్నాను. తెరిచి చూస్తే ప్రతి స్పానరూ నూనె గుడ్డలో చుట్టి ఉంది.

మూడు వారాలు దాని పక్కనుంచే నడిచాను. రోజూ ఇవాళ వెళ్దాం అనుకోవడం, మానడం. చివరికి ఒక ఆదివారం పొద్దున వేపేరి వెళ్లాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు.

"రండి దామోదరం గారూ. కూర్చోండి, కాఫీ తాగుతారా?"

నేను కూర్చోలేదు.

"సార్, ఆ రోజు కారింది మీ పంపు గాదు. పైన బ్లీడ్ స్క్రూ. నేను వేళ్లతో తిప్పి మరిచిపోయినా. ఆ సోమవారం బానెట్ ఎత్తినప్పుడే నాకు తెలుసు."

ఆయన పేపరు మడిచారు.

"పంపు గాస్కెట్?"

"పొడిగా ఉన్నింది సార్. చుక్క కారలేదు."

"బెల్టు?"

"టైమింగ్ గుర్తు మీద గుర్తు కరెక్టుగా ఉన్నింది."

"నా ఫ్యాను?"

"దానిలో ఏ తప్పూ లేదు సార్. మీ పనిలో దేన్లోనూ లేదు."

ఆయన లోపలికి తిరిగి, "సుగుణా, ఈడికి రా" అని పిలిచారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఇప్పుడు నాకు చెప్పింది ఆమెకూ చెప్పండి" అన్నారు నాతో. చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి చెప్పడం కష్టమైంది.

"నేను టూల్స్ తెచ్చిచ్చిన రోజు కూడా మీకు తెలుసు" అన్నారు ఆవిడ.

"తెలుసమ్మా."

రంగనాథం గారు మడిచిన పేపరు పక్కన పెట్టారు. గొంతు పెంచలేదు.

"స్క్రూ మరిచిపోయేది ఎవరికైనా ఉండేదే. ఆ రోజే చెప్పుంటే ఇద్దరం కలిసి ఇంకో హెడ్ వెతికేవాళ్లం. మా నాయన మాట నేను మీకొక్కరికే చెప్పినా. అది తెలిసీ ఆ మాట అన్నారు మీరు."

క్షమించమని అడిగాను. కాఫీ రాలేదు. కాసేపటికి, "టూల్ బాక్సు పంపించండి. మీరు పోయి రండి" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆటోలో పంపాను.

ఆ తరవాత ఆయన మా షాపు వైపు రాలేదు. ఏడాది తిరిగాక పుదుపేటలో స్పేర్ పార్టులమ్మే ఒకాయన మాటల్లో చెప్పాడు. ఆడిటరు గారు ఇంకా పాత బీఎండబ్ల్యూ ఒకటి, రెండు డోర్లది, ఇంజన్ జామ్ అయిపోయినది కొన్నారట. ఇంటి షెడ్డులోనే విప్పుతున్నారట. కావలసిన సామాను సుగుణమ్మగారి చేతిరాతతో లిస్టు పట్టుకొస్తారట. ఇంజన్ దించడానికి ఇంకో మనిషి కావాలంటే ఇతను నా పేరు చెప్పాడట. ఆయన వినేసి, "ఇంకెవరైనా ఉంటే చెప్పండి" అన్నారట.

ఆ సంగతి విని సంతోషించాను. ఆ సంతోషానికి నాకు హక్కు లేదని కూడా తెలుసు.

అప్పటి నుంచి నా వల్ల ఏదైనా చెడితే, కస్టమరు అడిగేదాకా ఆగకుండా చెప్పడం అలవాటు చేసుకున్నాను. దాంతో కొందరు నన్ను వదిలి వేరే షాపులు చూసుకున్నారు, ఒకాయన వీధిలో నిలబడి తిట్టాడు కూడా. ఇంట్లో సొంతంగా పని చేసుకుని ఎవరైనా కారు తెస్తే, ముందు వాళ్లు సరిగా చేసింది ఏమిటో చెప్పి, ఆ తరవాతే తప్పు వెతుకుతాను. స్క్రూ మరిచిపోవడం నాకు పెద్ద పాఠం కాదు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు. ఆ మనిషి తన చేతుల్ని నమ్మడం ఎంత కష్టపడి నేర్చుకున్నాడో దగ్గరుండి చూసినవాణ్ని నేను. నా పేరు నిలబెట్టుకోవడానికి ఒక్క మాటతో ఆ నమ్మకాన్ని తీసేశాను. ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. నిజం చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది.