తోడల్లుడి డబ్బా, నా కంప్యూటరు

మా తోడల్లుడి ఇంట్లోకి ఆ నల్ల డబ్బా రాకముందు నేను సుఖంగానే ఉన్నాను.

అతను మా ఆవిడ అక్క భర్త. ధర్మవరంలో పట్టుచీరల అంగడి. నేను హిందూపురంలో గుమాస్తాను. రెండువేల దశకం చివరి సంగతి. అప్పటికి మా రెండు కుటుంబాల్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేయగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. బెంగళూరు వెళ్ళి విడిభాగాలు తెచ్చి, నా చేతులతో కంప్యూటరు బిగించి, దానికి టీవీ కార్డు తగిలించి, కేబుల్ వైరు గుచ్చాను. టైము, ఛానెలు పెడితే చాలు, మనిషి లేకపోయినా అదే రికార్డు చేసుకునేది. చుట్టాలు సీరియల్ తప్పిపోతే నాకే ఫోను చేసేవాళ్ళు.

ఇంతలో అతను డిష్ పెట్టించి, దాంతోపాటు రికార్డింగు డబ్బా కొన్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి మరీ చూపించాడు.

"చూస్తివా అబ్బా? ఒక్క మీట. అంతే. కేబులోని కాళ్ళు పట్టుకునే పని లేదు."

చప్పుడు లేదు. ఫ్యాను రొద లేదు. నా కంప్యూటరు లేవడానికే నాలుగు నిమిషాలు పట్టేది, మధ్యలో నీలం తెర వేసుకుని పడుకునేది కూడా. నేను పైకి నవ్వాను.

"దాంట్లోది బయటికి తీయడానికి రాదు గదన్నా. నాదైతే సీడీ కొట్టి ఇయ్యొచ్చు" అన్నాను.

"సీడీ ఎవురికి కావాలప్పా ఈ కాలంలో?" అన్నాడు.

తిరుగు రైల్లో మా ఆవిడ ఇంకో పుల్ల వేసింది. "అక్కావాళ్ళది ఎంత నిమ్మళంగా ఉండాది! మనది చూడు, పిండి మిషను మాదిరి ఒగటే మోత." పెనుకొండ దాటి హిందూపురం వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

పెనుకొండలో మా అత్త, అంటే మా ఆవిడ తల్లి, ఉండేది. ఒకసారి ఒక ఛానెలు వాళ్ళు వంటల కార్యక్రమం కోసం ఆమె ఇంటికి వచ్చి, రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, చేయించి, కెమెరాలో పట్టుకుపోయారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వేస్తామని చెప్పారు. అత్త వీధి వీధంతా చెప్పుకుంది. ఆ వేళకు కరెంటు పోతుందేమోనని ఆమె బెంగ. పెనుకొండలో మధ్యాహ్నం కోత ఎప్పుడుంటుందో దేవుడికే తెలియాలి.

"నేనుండంగా బెంగెందుకత్తా? సీడీ కొట్టిస్తా, జీవితాంతం చూసుకో" అన్నాను. శుక్రవారమే కంప్యూటరులో టైము పెట్టేశాను.

శనివారం ధర్మవరంలో తోడల్లుడి కూతురికి చెవులు కుట్టించారు. అందరం పోయాము. అక్కడ అతను అందరి ముందూ రిమోటు పట్టుకుని, అత్త కార్యక్రమం పేరు పక్కన రికార్డింగు గుర్తుగా ఎర్ర చుక్క పెట్టాడు. "అయిపాయ. ఇంగ నిమ్మళంగా ఉండు అత్తా" అన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. నేను శుక్రవారమే పెట్టానని ఎవరికీ గుర్తు లేదు.

అందరూ భోజనాలకు లేచారు. నేను రిమోటు తీసుకున్నాను, ఎలా పనిచేస్తుందో చూద్దామని. అది నాకు నేనే చెప్పుకున్న అబద్ధం. ఎర్ర చుక్క మీద నొక్కితే, రద్దు చేయాలా అని అడిగింది. చేయమన్నాను. చుక్క పోయింది. వెళ్ళి విస్తరి ముందు కూర్చుని ఓళిగలు రెండు ఎక్కువే తిన్నాను.

ఆదివారం ఆడవాళ్ళు, పిల్లలు, నేను పెనుకొండలో చేరాము. తోడల్లుడు అంగడి వదలలేక రాలేదు. అత్త కొత్త చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు కరెంటు పోయింది. అది మళ్ళీ వచ్చేసరికి మూడైంది. పిల్లలు ఉసూరుమన్నారు. అత్త మాత్రం, "పోనీలేండి. ఇద్దరల్లుళ్ళ ఇండ్లల్లో పట్టుకుంటాండారు గదా" అంది. ముందు నా ఇంటికే వస్తానంది, సీడీ కోసం. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

సాయంత్రానికి హిందూపురం చేరాము. కంప్యూటరు తెర మీద బొమ్మ వచ్చింది. చెనిక్కాయ చేను. గట్టు మీద ఒకాయన నిలబడి కన్నడంలో ఆకుమచ్చ తెగులు గురించి చెబుతున్నాడు. ముందుకు జరిపాను. అదే చేను, అదే ఆయన. ఆ పొద్దున్నే కేబుల్ అతను ఛానెళ్ళు అటూ ఇటూ మార్చేసి, మా తెలుగు ఛానెలు స్థానంలో కన్నడ ఛానెలు పెట్టాడు. నేను శుక్రవారం నంబరు సరిచూసే పెట్టాను గానీ, ఆదివారం ఆ నంబరులో ఏం వస్తున్నదో చూడలేదు.

"పెద్దల్లుడి డబ్బాలో ఉంటాది లే" అని అత్తే ధైర్యం చెప్పి ఫోను కలపమంది. నంబరు నొక్కాను. స్పీకరు పెట్టాను. అవతల చాలాసేపు మీటలు నొక్కిన చప్పుడు.

"లేదత్తా," అన్నాడు తోడల్లుడు. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "నేనే యాడో తప్పు మీట నొక్కినట్టుండా. నా బుద్ధికి చెప్పుతో కొట్టాల."

అప్పుడైనా చెప్పొచ్చు. ఫోను పెట్టేశాను. ఆ కార్యక్రమం మళ్ళీ వేస్తారేమోనని నెలల తరబడి చూశాము, వేయలేదు. తనను తాను టీవీలో చూసుకోకుండానే అత్త కన్నుమూసింది.

ఆ సాయంత్రం మాత్రం ఆమె కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. ఆమెకు కన్నడం బాగా వచ్చు.

"ఎంతైనా చిన్నల్లుడిదే మేలు. దీంట్లో ఏదో ఒగటన్నా పడింది" అంది.

మా ఆవిడ కూడా ఔనంది. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. కంప్యూటరు ఆపేద్దామని లేచాను.

"ఉండనీ నాయనా" అంది అత్త, "ఇంగా అయిపోలేదు గదా."