పారిస్‌లో నా భార్య తప్పిపోలేదు

పారిస్‌లో నా భార్య తప్పిపోయిందని కెనడాలోని మా మిల్టన్ తెలుగు సహవాసంలో అందరికీ తెలుసు. చెప్పింది నేనే. శుక్రవారం ఇంటి ప్రార్థనలో, సాక్ష్యాల సమయంలో లేచి, తప్పిపోయిన ఆమెను ప్రభువు తిరిగి నాకు అప్పగించాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యం వాన్ అనే ఊళ్లోని తెలుగువాళ్ల దాకా పాకింది. అందుకే ఇది రాస్తున్నాను.

సహవాసం వాళ్లమంతా కలిసి వెళ్లిన టూర్ అది. బస్సు మమ్మల్ని ఒక సెంటు దుకాణం ముందు దింపింది. “వీళ్లు కొనుక్కోనీండి. ఈ ఊళ్లో మనుషులు ఎక్కడుంటారో చూసొద్దాం” అంది నా భార్య. ఎవరికీ చెప్పకుండా ఇద్దరమూ వెళ్లిపోయాం. కాలువ వెంట నడిచి బెల్‌విల్ గుట్ట ఎక్కాం. చైనా వాళ్ల కొట్లు, అరబ్బుల రొట్టెలు, కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు. అక్కడి నుంచి తమిళులుండే లా షపెల్ పేటకి వెళ్తే మునక్కాడలు, తమిళ పాటలు. దారి మొత్తం ఆమే చూసుకుంది. నేను వెనకాల నడిచాను.

మా కోసం ఆగి వాళ్లు పడవ షికారు పోగొట్టుకున్నారు. సంఘ పెద్ద ఫోన్‌లో గద్దించేసరికి, “మా ఆవిడ తప్పిపోయిందండీ, వెతుకుతున్నా” అనేశాను. ఆమె నా ఎదురుగా కూర్చుని దోసె తింటోంది.

ఆ తర్వాత వేళాకోళాలు మొదలయ్యాయి. “ఆంటీ, వాష్‌రూమ్ అటు. మళ్లీ వచ్చేస్తారుగా?” మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. మొన్న ఇంటి ప్రార్థనలో రోమ్ టూర్ మాట వచ్చినప్పుడు సంఘ పెద్ద, “సిస్టర్‌ని రిస్క్ చేయలేం బ్రదర్, ఈసారి మీరొక్కరే రండి” అన్నారు.

లేచాను.

“నా సాక్ష్యం అబద్ధం. ఆమె తప్పిపోలేదు. కావాలనే వెళ్లాం.”

“అంటే మా అందరికీ సారీ చెప్తున్నారా?” అన్నారు సంఘ పెద్ద.

“చెప్తున్నా. మీ పడవ పోయినందుకు, దేవుడి పేరు వాడుకున్నందుకు సారీ. ఆమెను నవ్వులపాలు చేసినందుకు ఎన్నిసార్లు చెప్పినా చాలదు. ఆ పేటలు తిరిగినందుకు మాత్రం చెప్పను.”

ఎవరూ స్తోత్రం అనలేదు.

“రోమ్‌కి మేమిద్దరం రావట్లేదు” అన్నాను.

“మీ సంగతి మీరు చెప్పుకోండి” అంది నా భార్య, అందరి ముందూ. “నేనొస్తున్నా. బస్సు ఎక్కడ దిగాలో నేను చూసుకుంటా.”