ఇసుకలో చెస్ట్‌నట్లు వేయించిన వైనం

“అత్తయ్యా, ప్రతి గింజకీ చాకుతో గాటు పెట్టాలట. పొట్లం మీద రాసుంది.”

“ఆ రాసినవాడు ఎప్పుడైనా మూకుడు పట్టుకున్నాడా? వేరుశనక్కాయలకి గాట్లు పెట్టి వేయించినవాళ్ళని ఎక్కడైనా చూశావా?”

“ఇవి వేరుశనక్కాయలు కావండీ!”

“తొక్క ఉందా? లోపల పప్పుందా? మరింకేం!”

ఆ “మరింకేం” మా కొంప మీదికి ఏం తెచ్చిందో చెబుతాను. మంచినీళ్ళు తాగుతూ చదవకండి, పొలమారుతుంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. వాటిని బాగుచెయ్యడానికి మా అబ్బాయి సూర్యాన్ని సింగపూరు పిలిపించారు. అక్కడ బెడోక్ అనే పేటలో అద్దె ఫ్లాటు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, కానీ మూకుడు ముందు పట్టభద్రురాలిని. కోడలు పద్మేమో ఏదో పత్రికలో చదివింది, చలికాలంలో చెస్ట్‌నట్లని, పనసగింజల్లాంటివి, తింటే పిల్లలకి బలమని. సింగపూరులో చలికాలమంటే గొడుగు కింద చెమట పట్టే కాలం. అయినా బలమంటే కాదంటానా?

బజారులో ఒకాయన పెద్ద మూకుడులో నల్లటి గులకరాళ్ళు పోసి అందులో చెస్ట్‌నట్లు వేయిస్తున్నాడు. ధర విని నా గుండె జారింది. “రాళ్ళతో వాడు వేయిస్తే ఇసుకతో నేను వేయించలేనా?” అని పచ్చి గింజలు కొనిపించాను. ఇసుకకేం కరువు? కింద పిల్లల ఆటస్థలంలో బోలెడుంది. మా మనవరాలు చిన్ని ఆడుకునే బకెట్టుతో తెచ్చి, కడిగి ఎండబెట్టాను.

ఇక్కడే అసలు చిక్కు. మర్నాడు పొద్దున ఓనరు ఆంటీ వస్తుంది. అద్దె గడువు తీరిపోయింది. ఇల్లు శుభ్రంగా కనిపిస్తే ఉండనిస్తుంది, లేకపోతే పెట్టెలు సర్దుకోవడమే. చిన్ని బడి ఆ వీధిలోనే మరి.

“రేపయ్యాక వేయించుకుందాం అత్తయ్యా,” అని పద్మ బతిమాలింది.

“వచ్చినావిడ చేతిలో ఏం పెడతావు? కొన్న బిస్కెట్లా?”

నిలబడి వేయించడం నాకు చేతకాదు. హాల్లో పీట వేసుకుని, చిన్న గ్యాసు పొయ్యి ముందు మహారాణిలా కూర్చున్నాను. మంట ఆరిపోతుందని నెత్తిమీది ఫ్యాను ఆపించాను. ఇసుక కాగింది. గింజలు పోసి కలిపాను. ఆహా, ఏం వాసన! నా పనితనానికి నేనే మురిసిపోతుండగా ‘టప్’మంది.

“నానమ్మా, డేంజర్ లా!” అంటూ సింగపూరు యాసలో అరిచి చిన్ని సోఫా వెనక్కి దూకింది.

“పేలాలు వేగేటప్పుడు చప్పుడవదూ?” అంటూ మూకుడు మీద సత్తుపళ్ళెం బోర్లించాను.

ఆ తరవాత దీపావళే! ఒకటి పేలింది, దాని వెనకే పది పేలాయి. పళ్ళెం ఎగిరి గోడకు కొట్టుకుంది. వేడి ఇసుక ఫౌంటెనులా లేచింది. నా జుట్టు ముడి నిండా చెస్ట్‌నట్టు పిండి. గదిలోంచి సూర్యం పరిగెత్తుకొచ్చాడు.

“ఏం పేలిందమ్మా?”

“నీ కంప్యూటర్లు కాదులే, ముందు పొయ్యి కట్టు!”

అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు. అందరం కలిసి నేలా గోడలూ సోఫా సందులూ తుడిచాం. ఇల్లు అద్దంలా మెరిసింది. “నేను తుడిస్తే చీమకి కూడా ఏమీ మిగలదు,” అని గర్వంగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఓనరు ఆంటీ వచ్చింది. ఇల్లంతా కలయజూసి, తలాడించి, సోఫాలో కూర్చుంది. పద్మ టీ ఇచ్చింది. “చాలా ఉక్కగా ఉంది కదా ఆంటీ,” అంటూ మర్యాదగా ఫ్యాను వేసింది.

ఫ్యాను రెక్కల మీద తుడవాలని ఎవరికీ తోచలేదు!

ఇసుకా, చెస్ట్‌నట్టు ముక్కలూ పెళ్ళి అక్షింతల్లా ఆవిడ నెత్తిన కురిశాయి. పద్మ కళ్ళు మూసుకుంది. ఆంటీ ఒళ్ళో పడ్డ ముక్కను తీసి, వాసన చూసి, నోట్లో వేసుకుంది.

“ఎవరు వేయించారు?” అంది ఇంగ్లీషులో.

చిన్ని నా వైపు వేలు చూపించింది. నేను తల దించలేదు.

“గాటు పెట్టలేదా?” అని ఆంటీ పగలబడి నవ్వింది. “మా అమ్మా ఇంతే, ఎవరి మాటా వినేది కాదు. రుచి మాత్రం బాగుంది లా! ఇంకో ఏడాది ఉండండి. ఫ్యాను తుడవండి!”

ఆవిడ గుమ్మం దాటగానే నేను పద్మకేసి చూశాను. “బిస్కెట్లు పెట్టుంటే ఈ ఇల్లు నిలిచేదా?”

అయినా చిన్ని బడి సాక్షిగా ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఫ్యాను కింద పొయ్యి పెట్టను. గాటు సంగతంటారా, అది గింజను బట్టి చూద్దాం.